ఏటికి నీళ్ళొచ్చాయి

లైబ్రరీ పెద్దసారుకి,

మీ హాల్లో గడియారం కిందున్న ఏటి బొమ్మ వేసింది నేనే. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మధ్యమధ్య "దయచేసి" అని తగిలిస్తోంది. అవి దానివి, నావి కావు.

నిన్న రంగులు పట్టుకుని వస్తే మీ గుమాస్తా గుమ్మంలోనే ఆపేశాడు. "గోడకెక్కిన బొమ్మ అయిపోయినట్టే మామ్మా, ఇక ముట్టుకోకూడదు" అన్నాడు. వేసింది నేనైతే, అయిపోయిందని చెప్పడానికి అతనెవరు బాబూ?

నేను కళ్ళారా చూసిందే వేస్తాను. అప్పుడు ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేదు, ఇసుకే వేశాను. రోజూ ఆ బొమ్మ ఎదుట కూర్చుని పేపరు చదివే రిటైరైన డ్రైవరుగారు నన్ను ఆటపట్టిస్తుంటారు. "చెంబెడు నీళ్ళు పోయొచ్చుగా అక్కయ్యా, మీ సొమ్మేం పోతుంది?" అంటారు. "రానివ్వండి, పోస్తాను" అంటాను.

మొన్న వచ్చాయి. ఒడ్డున కూర్చుని పొద్దంతా చూశాను. నీలం కాదు బాబూ, టీ రంగు. అంచుల్లో మాత్రం కాస్త ఆకాశం. ఇంటికొచ్చి సొట్టల పళ్ళెంలో ఆ రంగే కలిపి, ఆరిపోకుండా తడిగుడ్డ కప్పాను.

ఈ ఉత్తరం అందిన మర్నాడే వస్తాను. దయచేసి బొమ్మ దించి ఉంచండి. గుమాస్తాని కూడా చూడమనండి, నాకేం కోపం లేదు.

డ్రైవరుగారు మోకాళ్ళ నొప్పులతో ఏటిదాకా నడవలేరు. నేను నీళ్ళు వేస్తుంటే చూడ్డానికి ఆయనకి పక్కనే కుర్చీ వేయించండి, దయచేసి.

ఈ ఒక్కటీ నాదే.