తొమ్మిదో నిమిషం

మార్చి 9, ఆదివారం

ఈ నోటుబుక్కు మోటారు కోసం. ఇంకెందుకూ కాదు.

బోటు వెనక తగిలించే రకం. పదిహేను హార్స్ పవర్, టూ స్ట్రోక్. మా పెళ్ళికన్నా రెండేళ్ళు చిన్నది.

గత నెల నాలుగున, ఉదయం ఏడున్నరకు, మా ఆవిడ ఛాతీ పట్టుకుని బోటులో పడుకుని ఉండగా, సరస్సు మధ్యలో ఆగిపోయింది. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. బోటులో పదహారు నిమిషాలు. రోడ్డు చుట్టూ తిరిగి వెళ్తే గంటన్నర. మోటారు తొమ్మిదో నిమిషంలో ఆగింది. తాడు లాగితే అంటుకుని రెండు నిమిషాలు నడిచింది. మళ్ళీ ఒక నిమిషం. ఆ తరువాత తెడ్లు. నలభై నిమిషాలు.

అరగంట ముందు తెచ్చి ఉంటే, అన్నాడు డాక్టరు. వాక్యం పూర్తి చెయ్యలేదు.

మోటారు అంతకు నాలుగు రోజుల ముందే రిపేరు షాపు నుంచి వచ్చింది. షాపు ఆమె తమ్ముడిది.

వాణ్ణి వదలను.

మార్చి 11, మంగళవారం

బోటు యజమానుల సంఘానికి ఫిర్యాదు ఇచ్చాను. రేవులో వాడి షాపు ఉన్న షెడ్డు సంఘానిదే. లైసెన్సూ సంఘానిదే.

అధ్యక్షుడు కాగితం రెండుసార్లు చదివాడు. మాస్టారూ, ఇంట్లో మాట ఇంట్లోనే తేల్చుకోకూడదా అన్నాడు. ఇల్లెక్కడుందండీ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. విచారణ ఇరవై నాలుగున. అప్పటిదాకా షాపుకు తాళం, తాళంచెవి సంఘం దగ్గర. మోటారులో లోపం ఏమిటో నేను చూపించాలి.

ఇరవై ఎనిమిదేళ్ళు కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. రుజువు అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

పద్ధతి: ఒకసారికి ఒకటే మార్చాలి. ప్రతిదీ రాయాలి.

మార్చి 12, ఉదయం 6.40

ఒక్కణ్ణే బోటు తీశాను. ఆమె ఉన్నన్నాళ్ళూ మోటారు ఆమెది. వాళ్ళ నాన్న వర్క్‌షాపులో పెరిగిన మనిషి. నేను ముందు బల్ల మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేవాణ్ణి.

ఫుల్ స్పీడు. తొమ్మిది నిమిషాల ఐదు సెకన్లకు ఆగింది. సరిగ్గా ఆ రోజులాగే. ముందు రొప్పుతుంది, తరువాత గొంతు నొక్కినట్టు ఆగుతుంది.

పెట్రోలు ఉందో లేదోనని ట్యాంకు మూత విప్పాను. ఉస్సుమంది. ఎండకు లోపల ఆవిరి పట్టి ఉంటుంది, అది బయటకు పోయింది. సగం ట్యాంకు ఉంది. మూత బిగించి తాడు లాగాను. వెంటనే అంటుకుంది. మళ్ళీ తొమ్మిది నిమిషాలు నడిచి ఆగింది.

నిలకడగల లోపం. నిలకడగల లోపాన్ని పట్టుకోవచ్చు. చాలా రోజుల తరువాత ఆకలేసింది.

మార్చి 13

ప్లగ్గులు మార్చాను. తొమ్మిది నిమిషాలు.

మార్చి 14, శుక్రవారం

కార్బురేటరు విప్పి భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి పెట్టాను. తుప్పు కోసం, చెత్త కోసం, తప్పుగా బిగించిన ఒక్క మర కోసం భూతద్దం పెట్టి వెతికాను. ఏమీ లేదు. అద్దంలా ఉంది. ఫిల్టరు కొత్తది. పంపులో రబ్బరు పొర కొత్తది. పెట్రోలు గొట్టం కొత్తది. ట్యాంకు మూత కూడా మార్చాడు, దాని మీద చిన్న ఇత్తడి మర ఒకటి. సింగారం.

శత్రువు చేతిపని ఇంత శుభ్రంగా ఉండకూడదు. ఒళ్ళు మండింది. పేపరుతో సహా అన్నీ కింద పారేద్దామనుకున్నాను. పారెయ్యలేదు. రేపు మళ్ళీ బిగించాల్సింది నేనే.

మార్చి 16, ఆదివారం

అమ్మాయి వచ్చింది. భోజనాల బల్ల చూసి వంటగదిలో నిలబడే తింది.

తాళం పడిన షాపు బయట గొడుగు కింద స్టూలు వేసుకుని, అడిగి తెచ్చుకున్న స్పానర్లతో ఎవరిదో మోటారు బాగుచేస్తున్నాడట మావయ్య. అది చూడలేక పలకరించిందట. ఏం చేస్తానే, మీ నాన్న పెట్టిన పరీక్ష కదా, ఫెయిలైతే సప్లిమెంటరీ ఉందేమో కనుక్కో అన్నాడట. నవ్వుతూ అన్నాడా అని అడిగాను. నవ్వుతూనే అన్నాడు నాన్నా, కళ్ళు మాత్రం వాచి ఉన్నాయి అంది.

నవ్వాడు. అది చాలు నాకు.

అమ్మ పోవడానికి రెండు రోజుల ముందు ఒక్కతే అవతలి ఒడ్డుకు వెళ్ళి కూరగాయలు తెచ్చింది కదా, అప్పుడు మోటారు ఆగలేదే అని కూడా అడిగింది. లోపం అప్పటికి ముదరలేదు అన్నాను. మొదట ఇది నోటుబుక్కులో రాయకూడదనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

మార్చి 18

మోటారు ఇంటికి తెచ్చి, పెరట్లో నీళ్ళ డ్రమ్ముకు బిగించాను. ట్యాంకు బోటులోనే గొలుసుతో ఉంది కాబట్టి పాత గొట్టం ఒకటి పెట్రోలు డబ్బాలో ముంచి నడిపాను. నలభై నిమిషాలు. ఆగలేదు. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు.

ఇంట్లో ఆగదు. నీళ్ళ మీద ఆగుతుంది. వాడిలాగే. ఎదురుగా మంచివాడు.

మార్చి 19

ఆలోచన: ఆగుతుంది, మూత విప్పి పెట్రోలు చూసేలోపు చల్లబడుతుంది, మళ్ళీ నడుస్తుంది. అంటే ప్లగ్గులకు నిప్పురవ్వనిచ్చే కాయిల్ వేడికి పనిచెయ్యడం లేదు. కాయిల్ పాతది. వాడు మార్చనిది అదొక్కటే.

దొరికాడు.

మార్చి 21, శుక్రవారం

కొత్త కాయిల్. తొమ్మిది నిమిషాల పది సెకన్లు.

మార్చి 21, సాయంత్రం

అసలు సంగతి రాయకుండా ఎన్నాళ్ళు.

పదకొండేళ్ళ క్రితం, ఆమెకు జ్వరం వచ్చిన రోజు, బోటు నేనే తీయబోయాను. ఇరవైసార్లు తాడు లాగాను. అంటుకోలేదు. చొక్కా తడిసిపోయింది. రేవు నిండా జనం. ఆమె పైన మెట్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. వాడు షాపులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, స్విచ్చు దగ్గర ఊడి ఉన్న ఎర్ర క్లిప్పు తగిలించి, ఒక్కసారి లాగాడు. అంటుకుంది. ఇది సిలబస్‌లో లేదు కదా బావా అన్నాడు.

రేవంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

ఆ రాత్రి చెప్పాను. నువ్వు వెళ్ళు, చూడు, నీ తమ్ముడు. వాడి పేరు మాత్రం ఈ ఇంట్లో నా చెవిన పడకూడదు. ఆమె సరేనంది. పదకొండేళ్ళు మాట నిలబెట్టుకుంది. మోటారు మాత్రం ఏడాదికి మూడుసార్లు చెడేది.

మార్చి 22

ఇంకొకటి ఉంది. అదీ రాస్తాను. ఆ రోజు మోటారు రెండోసారి ఆగినప్పుడు ఆమె తల ఎత్తింది. తమ్ముడు, అంది. తమ్ముడు చెప్పాడు, అంది. ఇప్పుడు కూడా వాడి ఊసేనా, మాట్లాడకు, పడుకో అని అరిచాను. పడుకుంది.

మళ్ళీ మాట్లాడలేదు.

పాతికేళ్ళు పైన కాపురం చేశాను. ఆమె చివరి మాట వాడి గురించి. షాపు ఒక్కటీ పోతే సరిపోదు. ఈ రేవులో వాణ్ణి స్పానరు పట్టనివ్వను.

మార్చి 24, సోమవారం

విచారణ.

నా నోటుబుక్కు చదివి వినిపించాను. తేదీలు, సెకన్లు. అందరూ బుద్ధిగా విన్నారు, తరగతిలోలాగా. వాడు గోడకానుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. సన్నబడ్డాడు. అధ్యక్షుడు నువ్వేమంటావయ్యా అంటే, నాకూ తెలియడం లేదండీ, యాభై రోజులుగా అదే ఆలోచిస్తున్నాను, నా చేతిలో ఏదో తప్పే జరిగుంటుంది అన్నాడు. లోపల చల్లగా అనిపించింది. నిజం రాస్తున్నాను, చల్లగానే అనిపించింది.

అధ్యక్షుడు పాత లాంచీ డ్రైవరు. కాగితాల మీద నమ్మకం లేదు. ఇద్దరూ బోటెక్కి అవతలి ఒడ్డుకు వెళ్ళి రండి, ఎక్కడ ఆగితే అక్కడ చూడండి అన్నాడు. మేమిద్దరం ఒకే బోటులోనా అని ఎవరో గొణిగారు. నేనే అనుకుంటాను.

వాడు వెనక, నేను ముందు. ఎప్పుడూ నేను కూర్చునే బల్ల.

వాడు తాడు అందుకోబోతూ, అటు చూడనైనా చూడకుండా, ఎడమచేత్తో ట్యాంకు మూత మీది ఇత్తడి మరను రెండు చుట్లు తిప్పాడు. తలుపు గొళ్ళెం తీసినట్టు. ఒక్క లాగు. అంటుకుంది.

నేను గడియారం పట్టుకున్నాను. ఎనిమిది. తొమ్మిది. తొమ్మిదిన్నర. పది. గొంతు మారలేదు. పదకొండో నిమిషంలో ఆమె తల ఎత్తిన చోటు దాటాం. పదహారో నిమిషంలో అవతలి ఒడ్డు తగిలింది.

ఏం తిప్పావు, అని అడిగాను. పదకొండేళ్ళలో వాడితో అన్న మొదటి మాట.

గాలి మర బావా అన్నాడు. పాత మూతకు బెజ్జం ఉండేది, పెట్రోలు వాసనకు అక్కకు కడుపులో తిప్పేది, అందుకని ఇది పెట్టాను, ఆపాక బిగించుకోవాలి, నడిపేముందు విప్పాలి, విప్పకపోతే ట్యాంకులోకి గాలి పోదు కదా, కాసేపు నడిచి...

అక్కడ ఆగాడు. నన్ను చూశాడు. నా నోటుబుక్కు వైపు చూశాడు.

అక్కకు చెప్పాను కదా బావా. బావకు కూడా చెప్పు అక్కా, ఎప్పుడైనా తను తీయాల్సి వస్తే అని మరీ మరీ చెప్పాను. చెప్పలేదా?

నోటుబుక్కు మూశాను.

చెప్పనిచ్చావా? అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

తిరుగు ప్రయాణంలోనూ మోటారు ఆగలేదు. రేవులో అధ్యక్షుడు గడియారం చూసి, ఎక్కడా ఆగలేదే, ఏం జరిగింది అన్నాడు. వాడు తాడు కడుతూ, చెప్పాల్సింది బావ చెబుతాడండీ అని వెళ్ళిపోయాడు, గొడుగు దగ్గరికి.

వారం గడువు అడిగాను. ఇచ్చారు.

మార్చి 25

మూత విప్పినప్పటి ఆ ఉస్సు బయటకు పోయిన ఆవిరి కాదు. లోపలికి పోయిన గాలి.

మార్చి 26

ఏటా జూన్‌లో మొదటి క్లాసు. గ్లాసు నిండా నీళ్ళు, మీద కార్డుముక్క, బోర్లిస్తే పడవు. పిల్లలు నోళ్ళు తెరిచేవాళ్ళు. గాలి అన్ని వైపుల నుంచీ తోస్తుందర్రా అనేవాణ్ణి. ఇరవై ఎనిమిది జూన్‌లు.

సిలబస్‌లోనే ఉంది.

మార్చి 27, గురువారం

ఒక వాక్యం తయారు చేశాను. "తాడు లాగే ముందు ఇతను నా కళ్ళ ముందే ట్యాంకు దగ్గర ఏదో సవరించాడు." అబద్ధం కాదు. ఒక్క అక్షరం అబద్ధం కాదు. ఇది చెబితే చాలు. లోపం తెలిసి దాచాడంటారు. లైసెన్సు పోతుంది. వాడు ఎదురు చెప్పడు కూడా, నాకు తెలుసు.

వాక్యం బాగుంది. నాలుగుసార్లు చదివాను.

మార్చి 28

ఇవాళ కోపం ఆమె మీదికి మళ్ళింది. నేను కసిరితే మాత్రం ఊరుకోవడమేనా. మర్నాడు చెప్పొచ్చు. కాగితం మీద రాసి మూతకు కట్టొచ్చు. తమ్ముడు అనే మాటతో మొదలుపెట్టకుండా, మూత విప్పండి అని ఒక్క ముక్క అనొచ్చు.

శుక్రవారం మోటారు తెచ్చిన రోజు అన్నానికి కూర్చున్నప్పుడు మొదలుపెట్టింది. ఏమండీ, మోటారు సంగతి ఒకటి చెప్పమన్నాడు అంది. ఎవడు అన్నాను. చెయ్యి ఎత్తాను. క్లాసులో వెనక బెంచీ వాళ్ళ మీద ఎత్తినట్టు.

ఆమె కూర వడ్డించింది.

మార్చి 30, ఆదివారం

అమ్మాయి వచ్చింది. సరస్సులో ఏం జరిగింది నాన్నా, మీరిద్దరూ మూగనోము పట్టారు, అక్కడా ఇక్కడా తిరగలేక చస్తున్నాను అంది. చెప్పాను. మొత్తం.

అమ్మాయి లేచి భోజనాల బల్ల మీది పాత పేపర్లు తీసి, బల్ల తుడిచి, రెండు కంచాలు పెట్టింది. తింటున్నంతసేపూ నావైపు చూడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, మావయ్య ఆ గొడుగు కింద ఇంకెన్నాళ్ళు కూర్చోవాలో అదైనా చెప్పు అంది.

మార్చి 31, సోమవారం

తయారు చేసుకున్న వాక్యం జేబులోనే ఉంది. లేచి నిలబడి వేరేది చెప్పాను. మరను నేను విప్పలేదు. విప్పాలని ఆయన చెప్పి పంపాడు. నేను విననివ్వలేదు. ఆ రోజు బోటులో ఆమె చెప్పబోయింది. మాట్లాడకు అన్నాను.

ఆయన అని ఎందుకన్నానో తెలియదు. వచ్చేసింది.

అధ్యక్షుడు తాళంచెవి బల్ల మీద నావైపు తోశాడు. మీరే ఇచ్చి రండి మాస్టారూ అన్నాడు. అది శిక్షో కాదో ఆయన చెప్పలేదు.

తీసుకెళ్ళి గొడుగు కింద, అతని స్పానర్ల పక్కన పెట్టాను. అతను చేస్తున్న పని ఆపలేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే, క్షమించడమో మానడమో అతని నెత్తిన పడుతుంది. అదీ ఎందుకు.

ఏప్రిల్ 2

షాపుకు వెళ్ళాను. అక్కతో చెప్పి పంపింది నాతో చెప్పు అన్నాను.

స్పానరు కింద పెట్టాడు. మొదటి నుంచి చెప్పాడు. నడిపేముందు రెండు చుట్లు బావా, మరిచిపోకు.

చివరిదాకా విన్నాను.