తలకిందుల కలబంద

జమ్మికుంటలో తమ్ముని ఇంట ఉన్న యాదవ్వకు, హనుమండ్లు ఎవరిచేతా రాయించక తానే రాసినది.

బామ్మర్ది అంతయ్యా, మీ అక్కకు చదివి వినిపించేటప్పుడు ఒక్క మాట కూడా మింగకు.

యాదవ్వా, ప్రాజెక్టు కట్ట నీళ్లు మన ఊరిని ముంచిన నాడు నువ్వొక మాట అన్నావు. "మన్ను ఇడిసినంక ముసలి పానం నిలుస్తదా? సర్కారిచ్చిన గా రాళ్ల చెలకల నేనుండ" అని తమ్ముని వెంట పోయావు. ఆ మాట నేనింకా మరవలేదు.

మొన్న కొత్త ఇంటి జాగ కాగితం కోసం కరీంనగర్ పోయాను. కచేరీలో సాయంత్రం రమ్మన్నారు. పొద్దుపోక సర్కారు తోటలో దూరాను. అక్కడొక మడి నిండా ముండ్ల చెట్లే! గుమ్మడికాయకు ముండ్లు మొలిచినట్టు కొన్ని, మనిషెత్తు స్తంభాల్లా కొన్ని. మనం చెలక గట్టున పెట్టే నాగజెముడుకూ అక్కడ కుండీ, మర్యాద!

"ఎడారి చెట్లు తాతా. సముద్రాలు దాటొచ్చినయి" అన్నాడు తోటమాలి పర్శరాములు.

ఒక కుండీలో కలబంద ఉంది. నాకు నవ్వాగలేదు.

"తలకిందులు పెట్టినవు గదరా! దర్వాజకు యేలాడదియ్యాలె."

"మన్ను లేకుంటె ఏ చెట్టు బతుకుతది తాతా? మీ ఇంటిది ఈపాటికి ఎండి ఉంటది, పో."

వాడూ నీ మాటే అన్నాడు.

నీకు చెప్పలేదు. పాతింటి దర్వాజకు నువ్వు దిష్టికని కట్టిన కలబందను, నీళ్లు గడప తాకకముందే విప్పుకొచ్చి రాళ్ల చెలకలో వేసిన ఈ గుడిసెకు కట్టాను. తోట నుంచి వచ్చి చూస్తే ఆకులు ముడుచుకుని ఉన్నాయి. అది ఎండితే నువ్వే గెలిచినట్టు. మూట కట్టుకుని నేనే అక్కడికి వస్తాను. హనుమండ్లు బామ్మర్ది ఇంట కూడు తినడమంటే ఏమిటో నీకు తెలుసు.

నీ హనుమండ్లు

*

యాదవ్వా,

కలబంద ఎండలేదు! మన్ను లేదు, చుక్క నీళ్లు లేవు. తలకిందులుగా వేలాడుతూనే కాడ వేసింది. ఆ కాడ ఆకాశం దిక్కుకు మెడ తిప్పి పసుపు పచ్చగా పూసింది. వాడకట్టంతా వచ్చి చూసిపోతున్నారు. "టికెట్ పెట్టు అన్నా, నీదీ తోటే" అంటున్నాడు పక్కింటి ముత్తయ్య.

అంతయ్యా, మూట కట్టేది నేను కాదు, మీ అక్క. జర జల్ది బస్సెక్కించు.

యాదవ్వా, దర్వాజ పొట్టిగా పెట్టాను. పువ్వు నుదుటికి తగులుతోంది. తహసీల్దారు ముందు కూడా వంగని నేను, వస్తూ పోతూ దానికి వంగుతున్నాను. నువ్వూ వంగే లోపలికి రా.

గెలిచిన
నీ హనుమండ్లు