రెండు దీపాల మధ్య తీగ

మా పిచ్చుకకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీ కొండ మీద మబ్బులు గదిలోకే వస్తున్నాయని రాశావు. తడి బట్టలు వేసుకోకు. పైకి వచ్చే జీపులో నాన్న కుట్టిన మందపాటి కోటు పంపుతున్నాను. చేతులు కాస్త పొడుగుగా ఉంటాయి. చలికి వేళ్లు లోపలికి లాక్కోవచ్చని కావాలనే అలా కుట్టారట. కొలత తప్పిన ప్రతిసారీ మీ నాన్న దగ్గర ఇలాంటి కారణం ఒకటి సిద్ధంగా ఉంటుంది.

ఆయన మోకాలి సంగతి అడిగావు. మెట్లు దిగేటప్పుడు మూలుగుతారు గానీ మిషను తొక్కేటప్పుడు మూలగరు. కాబట్టి కంగారేం లేదు. వాతావరణ కేంద్రంలో ఒక్కదానివే ఉన్నా గాలి లెక్కలు రాసుకుంటుంటే పొద్దు తెలియదన్నావు. ఆ మాట చదివాక నాకు కాస్త నిద్ర పట్టింది.

ఇక, స్టూడియోలో నేను బాగుచేస్తున్న కంప్రెసర్ ఫ్రిజ్‌లో ఉండేదేనా అని అడిగావు చూడు, అది చదివి ఇద్దరం నవ్వుకున్నాం. కాదే తల్లీ. ఇది శబ్దాన్ని అదుపులో పెట్టే పెట్టె. పాడేవాళ్లు ఒకచోట గుసగుసలాడతారు, ఇంకోచోట గొంతెత్తుతారు. మరీ ఎత్తినచోట ఇది కాస్త దించుతుంది.

ఎలా దించుతుందో చెబితే నీకు నచ్చుతుంది. లోపల వెలుతురు చొరకుండా మూసిన చిన్న గొట్టం ఉంటుంది. అందులో ఒక చివర చిట్టి దీపం, దానికి ఎదురుగా వెలుగును కనిపెట్టే రెసిస్టరు. లోపలికి వచ్చిన పాటలో కొంత పక్కదారి పట్టి వెళ్లి ఆ దీపాన్ని వెలిగిస్తుంది. గొంతు పెరిగితే వెలుగు పెరుగుతుంది. వెలుగు పడేకొద్దీ ఆ రెసిస్టరు అడ్డు తగ్గించుకుని, పాటలో కొంత భాగాన్ని గ్రౌండు తీగలోకి జారిపోనిస్తుంది. మిగిలినదే మనకు వినిపిస్తుంది. పాట ఆగగానే దీపం ఆరిపోతుంది గానీ రెసిస్టరు వెంటనే మామూలు కాదు. మంచి కల మధ్యలో లేపితే నువ్వు మంచం మీద అలా కూర్చుండిపోయేదానివి చూడు, అలాగ. కాసేపు ఆ వెలుగులోనే ఉండి మెల్లగా తేరుకుంటుంది. ఆ పెట్టెలోంచి వచ్చే గొంతుకు అంత మెత్తదనం అందువల్లే.

స్టీరియో కాబట్టి ఎడమకొకటి, కుడికొకటి. ఒకే పెట్టెలో రెండు దీపాలు, వాటిని కలుపుతూ ఒక తీగ. ఆ తీగ ఎందుకో నాకు చదువుకున్నప్పటి నుంచీ తెలుసు. అయినా ఈసారి తెలిసినట్టు ఎప్పుడూ తెలియలేదు.

పెట్టెలో గుయ్‌మనే రొద వస్తుంటే పాత కెపాసిటర్లు మార్చాను. ఎడమ పక్క, కుడి పక్క విడివిడిగా మీటరు పెట్టి చూశాను. రెండూ సరిగ్గానే ఉన్నాయి. స్పీకర్ల మధ్య కుర్చీలో కూర్చుని పాత పాట ఒకటి పెట్టుకుని విని, పని అయిపోయిందని యజమానితో చెప్పాను. మర్నాటి నుంచి ఒక కొత్త అమ్మాయి పాట రికార్డింగు మొదలు. ఆ మధ్యాహ్నం మీ నాన్న నా భోజనం డబ్బా తెచ్చి, పాట బాగుందని అక్కడే నిలబడ్డారు. కాసేపటికి తల వంచి, ఒక భుజం దిగిన చొక్కాను చూసినట్టు చూశారు.

"ఈ పాటలో అమ్మాయి పాడుతూ పాడుతూ కుడి పక్కకి జరుగుతోందేంటి?" అన్నారు.

నాకు జరిగినట్టు అనిపించలేదు. కానీ ఆయన మాట నమ్మాను. కిటికీలు మూసి తెరలు లాగాను. గొట్టం విప్పితే బయటి వెలుగు పడి రెసిస్టరు మోసపోతుంది, అందుకని గది చీకటి చేయాలి. రెండు గొట్టాలూ విప్పి, పాట మళ్లీ పెట్టాను.

పిచ్చుకా, నువ్వు చూడాల్సింది. పట్టపగలు చీకటి చేసుకున్న గదిలో రెండు మిణుగురులు ఊపిరి తీస్తున్నట్టుంది. అయితే రెండూ కలిసి తీయడం లేదు. ఎడమ వైపు డ్రమ్ము మోగినప్పుడల్లా ఎడమ దీపం భగ్గుమంటోంది, కుడిది తనకేం పట్టనట్టు మసకగా ఉంది. దాంతో ఎడమ పక్క మాత్రమే తగ్గిపోతోంది. నడుమ నిలబడాల్సిన గొంతు తగ్గని వైపుకి ఒరుగుతోంది. రెండు దీపాలనూ ఒక్కలా వెలిగించాల్సిన ఆ తీగను పట్టుకుని వెనక్కి వెళితే, దాని స్విచ్చు దగ్గర టంకం వెంట్రుకంత పగిలి ఉంది. మళ్లీ టంకం వేశాను. ఈసారి డ్రమ్ము ఎడమనే మోగింది, దీపాలు మాత్రం రెండూ ఒక్కలాగే వెలిగాయి. మీ నాన్న చీకట్లో నిలబడి, "ఇప్పుడు నిలబడింది," అన్నారు.

చెవులుండగా కళ్లతో ఎందుకు వెతికావని నీకు అనుమానం వచ్చే ఉంటుంది. ఇంత దూరం రాసి కూడా దాటేద్దామనుకున్నాను. కొండ మీద ఒక్కదానివే కూర్చుని బెంగ పెట్టుకుంటావని భయం.

పాట కుడి పక్కకి జరుగుతోందని ఆయన అన్న వెంటనే నేను కుడి చెవిని వేలితో మూసుకున్నాను. పాట ఆగిపోయింది. స్పీకరు మాత్రం ఊగుతూనే ఉంది. కొన్నాళ్లుగా ఎడమ చెవిలో సముద్రం హోరు వస్తుంటే, స్నానంలో నీళ్లు దూరాయనుకున్నాను. ఆ హోరు ఎప్పుడు ఆగిందో కూడా గమనించలేదు. డాక్టరమ్మ చూసి, నరం దెబ్బతిందని, ఆ చెవికి వినికిడి ఇక రాదని చెప్పింది. కుడి చెవి బాగానే ఉందట.

యజమానికి ఆ వారమే చెప్పాను. మరమ్మతులన్నీ నావేనని, ఆఖరున కూర్చుని విని సరే అనే పని మాత్రం ఇంకొకరికి ఇవ్వక తప్పదని అన్నారు. న్యాయమే. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ కుర్చీ అంటే నాకు ఎంత ఇష్టమో నీకు తెలుసు.

రికార్డింగు పూర్తయ్యాక ఆ అమ్మాయి మమ్మల్ని పిలిచి పాట వినిపించింది. నన్ను ఆ కుర్చీలోనే కూర్చోబెట్టింది. మీ నాన్న నా కుడి పక్కన వంగి, మెల్లగా, "డ్రమ్ము తలుపు వైపు. వీణ కిటికీ వైపు. పాడే పిల్ల సరిగ్గా నీ ఎదురుగా," అన్నారు. కళ్లు మూసుకున్నాను. ఆయన చెప్పిన చోట్లలో ఒక్కొక్కరూ వచ్చి నిలబడ్డారు. ఆ పిల్ల నా ఎదురుగా, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరలో ఉంది.

సెలవు పెట్టి పరుగెత్తుకు రావద్దు. వచ్చేది ఎలాగూ వస్తావు కదా, అప్పుడు నా కుడి పక్కన నడువు. ఎడమ పక్క మీ నాన్నకు ఇచ్చేశాను. ఆయన కబుర్లు పెళ్లయిన దగ్గర్నుంచీ వింటున్నవే, సగం పోయినా నష్టం లేదు. నీవి మాత్రం నాకు ఒక్కటీ పోకూడదు.

ఇట్లు,
నిన్ను తలుచుకుంటూ,
మీ అమ్మ