మంజిష్ఠ మడిలో కాఫీ మొక్కలు

శ్రీవారికి నమస్కారాలు. ఇక్కడ నేనూ అమ్మాయీ క్షేమం. మంజిష్ఠ మడి ఒక్కటే క్షేమంగా లేదు. మీరు క్షేమమేనని వేరే అడగనక్కర్లేదు, అనుకున్నది జరిపించుకున్నవారికి లోటేముంటుంది.

ముందు మీరడిగినవాటికి జవాబులు. అమ్మాయికి దగ్గు తగ్గింది. వంటింటి పంపు మళ్ళీ కారుతోంది. మీ తెల్ల చొక్కా దొరికింది, దాని సంగతి చివర రాస్తాను. ఇక "కాఫీ మొక్కలు బతికాయా" అన్నారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు.

నేను అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజే మీ తమ్ముడు పార పట్టుకుని పెరట్లో దిగాడు. తిరిగొచ్చేసరికి ఎర్రరంగు కోసం పెంచుకున్న నా మంజిష్ఠ వేళ్ళన్నీ గోడవారన కుప్ప పడి ఉన్నాయి. మడి నిండా మీ నర్సరీ నుంచి వచ్చిన కాఫీ మొక్కలు.

"ఎవరు పీకమన్నారయ్యా?" అన్నాను.

"అన్నయ్యే వదినా. రెండూ ఒకే కుటుంబం మొక్కలంట. ఏది ఉన్నా ఒకటేనంట."

ఒకే కుటుంబమట. మీరూ మీ తమ్ముడూ ఒకే కుటుంబం కారూ? మీ బూట్లు అతని కాలికి పడతాయా? కాఫీకి కావలసింది గింజ. మంజిష్ఠ ప్రాణమంతా వేళ్ళలో ఉంటుంది. మూడేళ్ళు నేలలో ఉంటే గానీ వాటికి ఎరుపు పట్టదు. నావి మూడో ఏట పడ్డాయి, ఈ ఒక్క చలికాలం ఆగితే తవ్వేదాన్ని. నన్నొక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయింది?

మీకు చెప్పనిది ఒకటుంది. అద్దకం కార్ఖానాలో పని మానేశాను. నాటకశాల తెరకు ఎరుపు నేనే వేస్తానని ఒప్పుకున్నాను. మీరొచ్చేసరికి వసారాలో నా సొంత రంగు బాన పొయ్యి మీద ఉండాలని, చూసి మీరు నోరెళ్ళబెట్టాలని దాచాను. ఇప్పుడు కార్ఖానాలో నా చోట ఇంకొకామె ఉంది. నాటకశాలవాళ్ళకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

పీకిన వేళ్ళనే ఎండబెట్టి దంచాను. ఏ గుడ్డ మీద చూడాలా అనుకుంటుంటే మీ చొక్కా కనబడింది. పటిక నీళ్ళలో నానబెట్టి బానలో వేశాను. నీరసంగా గులాబి రంగు తేలింది. అది చూసి కడుపు మండి, మంట పెంచాను. మంజిష్ఠ నీళ్ళు మరగకూడదు, మరిగితే ఎరుపు చచ్చిపోతుంది. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఆ మాట నేర్పినదాన్ని నేనే. అయినా పొయ్యి ముందు నిలబడి, మిమ్మల్ని తిట్టుకుంటూ, మరగనిచ్చాను.

ఎండబెట్టని వేళ్ళ మొదళ్ళు కొన్ని మిగిలితే మళ్ళీ మడిలో నాటాను. మీ మొక్కలను మట్టిగడ్డలతో సహా తీసి మీ తమ్ముడి గుమ్మం ముందు పెట్టాను. వాటి తప్పేం లేదు. మూడేళ్ళదాకా ఆ మడిలో ఎవరూ కాలు పెట్టకూడదు, మీరైనా సరే.

చొక్కా ఇస్త్రీ చేసి పంపుతున్నాను. ఎర్రగా రావలసింది, అచ్చం కాఫీ రంగు వచ్చింది. అందిన మర్నాడే వేసుకుని నర్సరీకి వెళ్ళండి. ఎవరైనా అడిగితే, ఏ రంగైనా ఒకటేనని చెప్పండి.

ఇట్లు,
ఇంకా కోపంగానే ఉన్న
మీ భార్య