ఖాళీ అని రాసిన పెట్టె

సురబాయ,
మంగళవారం

తమ్ముడు యోపికి అక్క వెల్మినా ఆశీస్సులు. ఇక్కడ నేనూ పిల్లలూ బాగున్నాం. దోబోలో నువ్వూ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ సగ్గుజావ తాగనని మారాం చేస్తోందని రాశావు. పక్కన కాస్త చేపల పులుసు పెట్టు, మారుమాట్లాడకుండా తాగుతుంది.

మన దీవిలో సిమెంటు బస్తా ఇక్కడికంటే అంత ప్రియం ఎందుకని అడిగావు. ఇక్కడినుంచి ఓడ బియ్యం, సిమెంటు, నూడుల్స్‌తో నిండుగా బయల్దేరుతుంది. తిరిగొచ్చేటప్పుడు కంటైనర్లలో ఉండేది గాలే. ఆ గాలికి కూడా కిరాయి కట్టేది మీరే. దీవులన్నిటికీ పొయ్యి వెలిగేది ఈ ఓడలవల్లే గానీ, దీవుల్లో పండింది మాత్రం ఒడ్డునే పడి పాడవుతుంది. ఏ కంటైనర్ ఓడలో ఎక్కడుండాలో పదకొండేళ్లుగా ప్లాను గీస్తున్నదాన్ని, నాకిది కొత్త కాదు. అందుకే ఆ రోజు పెద్ద తెలివైనదానిలా నీకు ఫోన్ చేశాను. “ఖాళీగా వచ్చే పెట్టెలో మనవాళ్ల ఎండు కొబ్బరి వేసి పంపరా. కాగితాలమీద ఖాళీ అనే ఉంటుంది. ఏ పెట్టెలో వేశావో చెప్తే అడుగు వరసలో పెట్టిస్తాలే” అన్నాను.

తర్వాత సంగతి నీకు తెలుసు. ఖాళీది, తేలికదనుకుని దాన్ని పైవరసలో పెట్టారు. బండా సముద్రంలో ఓడ ఊగిన ఊపుకి, ఆ బరువుకి కట్లు తెగి జారింది. ఆ కట్లు బిగించే రూబెన్‌కి కుడికాలు పోయింది. విచారణలో నువ్వు, “నేనే వేశానండీ. అక్కకేమీ తెలీదు” అన్నావు. నేను తల వంచుకుని కూర్చున్నాను. రేవులో నీ ఉద్యోగం పోయింది, నా కుర్చీ నాకు మిగిలింది.

రూబెన్‌ని చూశావా అన్నావు. ఆదివారం వెళ్లాను. చంకకర్రతో వాకిటిదాకా వచ్చాడు. నీమీద కోపం లేదని చెప్పమన్నాడు. వాళ్లావిడ ఇచ్చిన కాఫీ తాగకుండానే లేచి వచ్చేశాను.

నీ ఉత్తరంలో చివరి మాట నన్ను తినేస్తోంది. ‘ఏ పెట్టెలో వేశానో ఇంకో గంట ముందు మెసేజ్ పెట్టుంటే ఆ కాలు మిగిలేదా అక్కా?’ అని అడిగావు. ఓడ కదిలాకే నీ మెసేజ్ చూశానని నీకు చెప్పింది నేనే. అబద్ధం, యోపీ. లోడింగ్ మొదలవకముందే చూశాను. ప్లాను మార్చాలంటే మా ఆఫీసు పెద్దాయనకి కారణం చెప్పాలి. చెప్తే నా గుట్టు బయటపడుతుంది. ఒక్క పెట్టేగా, ఏమవుతుందిలే అనుకుని భోజనానికి వెళ్లిపోయాను.

ఈ ఉత్తరం పోస్టులో వేసి, నేరుగా ఆఫీసుకి వెళ్లి ఇదే చెప్తాను. నువ్వడిగిందానికి నా జవాబు ఒకటే. నువ్వు వేళకే చెప్పావురా.

ఇట్లు,
నీ వెనక దాక్కున్న
అక్క వెల్మినా