ఆరొందల వాట్ల డబ్బా

ధర్మవరం,
నవంబరు 2004.

శ్రీవారి పాదాలకు మంజుల నమస్కారాలు.

ఇక్కడ నేను, అత్త, చందన కులాసా. మీరూ కులాసా అనే రాశారు గానీ, పవర్‌లూమ్ మోతకు చెవిలో గుయ్యిమంటోందని కిందటి ఉత్తరం మూలన చిన్న అక్షరాలతో రాసిన ముక్క నా కంట పడదనుకున్నారా? భివండిలో డాక్టర్లకు కరువా? ముందు చూపించుకోండి. ఫోన్ చేయొచ్చు కదా అంటారు. బూత్‌లో మనిషి నా మాటలన్నీ చెవులు రిక్కించి వింటాడు. అందుకే ఉత్తరం.

మీరడిగినవాటికి జవాబులు. చందనకు జలుబు తగ్గింది. పెనుకొండలో మా నాయన వేసిన శెనక్కాయ ఈసారి పర్వాలేదు. ఇక అసలు సంగతి. "కంప్యూటర్ ఆగిపోతోందంటున్నావు, లోపల కరెంటు పంచే డబ్బా మార్చి ఆరొందల వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. వేయించు. అప్పటికీ పని చేయకపోతే అమ్మేసి, పిల్లను, అమ్మను తీసుకుని ఇక్కడికే వచ్చేయి" అని రాశారు. అది చదివిన పూట నాకు అన్నం సయించలేదు. చీరలకు డిజైన్లు గీసే పని నేను కష్టపడి నేర్చుకున్నది. అమ్మేయమని అంత తేలిగ్గా ఎలా రాయగలిగారు?

పైగా అప్పుడే మగ్గాల షావుకారు శ్రీరాములన్న ఒక కొంగు డిజైన్ అడిగి ఉన్నాడు. చేతిలో అన్ని మగ్గాలున్న మనిషి నన్ను అడగడం అదే మొదలు. గీస్తూ గీస్తూ ఉంటే మిషన్ టక్కున ఆరిపోయేది, గీసిందంతా పోయేది. "ఈ వారంలో డిజైన్ గ్రాఫ్ రాకపోతే బెంగళూరోళ్లకు ఇచ్చేస్తానమ్మా" అన్నాడు. వీధిలో అందరూ వాట్లు పెంచమనేవాళ్లే.

ఒక్క మా నాయన మాత్రం నవ్వాడు. "బోరులో ఉండేది అంగుళం నీళ్లు. పది హెచ్‌పీ మోటారేస్తే నీళ్లు పెరుగుతాయా పాపా? నేనేసి చూసినా గదా! మోటారు కాలిపాయ, నీళ్లు మాత్రం అంతే" అన్నాడు.

అయినా హిందూపురం పోయి అంగట్లో అడిగాను. "నా మిషన్ ఎంత కరెంటు తాగుతాదన్నా?"

"నూటయాభై వాట్లు దాటదు మేడమ్. అయినా ఆరొందలది తీసుకోండి, ముందుముందు పనికొస్తాది."

"దేనికి?"

"పెద్ద గేములు ఆడుకునేదానికి."

మీ అమ్మ కూర్చుని గేములు ఆడుతుందేమోనని నవ్వొచ్చింది. "తీసుకుపోయి వేసి చూడండి, వద్దనుకుంటే తెచ్చియ్యండి" అన్నాడు. ఆశ చెడ్డది. తెచ్చాను.

కొత్త డబ్బా బిగిద్దామని ప్లగ్గు పీకి, దుమ్ము పడకుండా అత్త కప్పిన పాత పట్టుగుడ్డ తీసి లోపలికి చూశాను. గాలాడాలని పక్క రేకు ఎప్పుడో తీసి పెట్టాం కదా. ఆయుధ పూజ నాడు అత్త మునుపు మగ్గానికి చేసినట్టే మిషన్‌కూ పసుపు కుంకుమ పెట్టి, అక్షింతలు వేసి, చామంతులు చల్లింది. ఆ రేకలు ఎండి లోపలి ఫ్యాన్‌లో ఇరుక్కున్నాయి. వాటికి పట్టు నూగు ఉండలుగా చుట్టుకుంది. ఫ్యాన్ తిరగదు, మిషన్ ఉడికిపోయి ఆగిపోతుంది. ఆరొందలు కాదు, ఆరువేల వాట్లు పెట్టినా ఆ పూలు వాటంతట అవి బయటికొస్తాయా?

మెత్తటి బ్రష్షుతో తీసి, సైకిల్ పంపుతో గాలి కొట్టాను. అత్త మొహం చిన్నబోయింది. "మంచికే చేసినా గదమ్మా!" అంది. "వచ్చే దసరాకు దండ మానిటర్‌కు వేద్దువులే అత్తా" అన్నాను. అంతే, ఆరోజు నుంచి పాత డబ్బాతోనే పొద్దంతా నడుస్తోంది. కొత్తది తిరిగి ఇచ్చేశాను. అవసరమున్నవాళ్లకు పెద్దది మంచిదే కావచ్చు. మిషన్ అడిగినంతే ఏ డబ్బా అయినా ఇచ్చేది. మనకు అది దండగ.

డిజైన్ పూర్తి చేశాను. కొంగు నిండా శెనక్కాయ తీగ, మధ్య మధ్య దాని పసుపు పువ్వు. ముందు చెప్పినప్పుడు శ్రీరాములన్న ఎగతాళి చేశాడు. "పట్టుచీర మీద శెనక్కాయ చెట్టా? కలుపు తీసేదానికి కూలోళ్లను గూడా పిలుస్తావా?" అన్నాడు. గ్రాఫ్ తెచ్చి నేల మీద పరిచాను. మోకాళ్ల మీద కూర్చుని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. "ఇట్లాంటిది బెంగళూరోళ్లు గీయలేరమ్మా" అన్నాడు. నాకు ఎంత గర్వంగా ఉందో! మీకు కాక ఎవరికి చెప్పుకోను?

ఇక దాచిన మాట ఒకటుంది. కోపం వస్తే రానీండి.

"ఇంత సన్న పని ఎవురు నేస్తారమ్మా? చెయ్యి తిరిగినోళ్లంతా పనుల్లేక ఊరిడిసి పోయిరి" అని శ్రీరాములన్న దిగులు పడ్డాడు.

"మా ఇంటాయప్ప నేస్తాడన్నా" అన్నాను.

"ఆయప్ప భివండిలో ఉండాడు కదమ్మా!"

"వస్తాడు. మగ్గం వేరేవాళ్లకు ఇయ్యొద్దు."

మిమ్మల్ని అడగకుండా మాటిచ్చాను. చేతి పని ఇక తిండి పెట్టదని మీరు మగ్గం విప్పి రైలెక్కిన రోజు నేనేమీ అనలేదు. అనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇప్పుడు ఉంది. ఈ కొంగు తర్వాత ఇంకో రెండు గీయమన్నాడు, వాటికీ మగ్గాలున్నాయి. ఇన్నాళ్లూ ఎవరెవరో గీసింది నేశారు. ఇది మీ పెళ్లాం గీసింది. ఇంకొకరి చేతిలో పడితే నేను ఓర్చుకోలేను.

శ్రీరాములన్న కార్తీక పౌర్ణమి దాకా ఆగుతానన్నాడు. నేను మిమ్మల్ని రమ్మని అడగడం లేదు. వస్తారని చెప్పేశాను.

ఇట్లు,
మీ ఇల్లాలు,
మంజుల