కొత్త బండికి ఎదురు

1948 ఆగస్టు 1, ఆదివారం

మల్లా వచ్చినారు ముగ్గురూ. కాఫీ నాలుగు తూర్లు పోయింది. గింజలు ఆడించే ఇనప మిషన్ తిప్పితిప్పి నా భుజం పట్టేసింది. దాని మీద హార్విల్ అని ఇంగ్లీషులో అచ్చు పోసి ఉండాది. ఆ హార్విల్ అనేవాడు కనపడితే అడగాల, ఇంత బరువు ఏల పెట్టినావప్పా అని.

ఇంటి ముందర అరుగు, ఆ జగలి మీద అదే గలాటా. కాంట్రాక్టరు అశ్వత్థప్పకు అమెరికా బండ్లు తప్ప వేరేవి బండ్లే కావు. ఆయనకు షెవర్లే ఉండాది. అది మా ఇంటి ముందర నిలబెడితే జట్కా పోయేదానికి దావ ఉండదు, అదే గొప్ప ఆయనకు. లాయరు వెంకటగిరియప్ప ఇంగ్లీషు బండ్ల పార్టీ. ఇంగ్లీషోడు పోయినాడు గానీ వాని ఇంజను పోలేదంటాడు. చంద్రశేఖర్‌కు బండే లేదు, సైకిల్ ఉండాది. కానీ ఏ దేశంలో ఏ మాడల్ వస్తా ఉందో ముందు ఆయనకే తెలియాల. దండులో, ఆ కంటోన్మెంటు పక్క ఏజెంట్ల షాపులన్నీ తిరిగి క్యాటలాగులు అడుక్కొస్తాడు. చూసి ఇక్కడే మర్చిపోయి పోతాడు. అవి నాకు వస్తాయి.

ముగ్గురూ అరిచి అరిచి కడాకు మా అన్న జయరామప్ప పక్క తిరుగుతారు. ఆయన మాటే ఫైనల్. చిక్కపేటలో పట్టునూలు అమ్ముకునే మనిషి, మోటార్ల సంగతిలో మాత్రం పెద్ద పండితుడు. ఈ రోజు కూడా మీసం దువ్వుకుంటా చెప్పినాడు: ముందర క్రోమియం మెరుపు చూసి మోసపోకూడదు, పైన పటారం లోన లొటారం, బండి గుణం ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తాది అని. అందరూ తలకాయ ఊపినారు.

ఆ మాట బుధవారం మధ్యాన్నం చారు వడ్డిస్తా నేను చెప్పింది.

ఆగస్టు 5, గురువారం

అన్నకు నేను చెప్పడం ఎప్పుడు మొదలయిందో గుర్తు లేదు. అంగడి నుంచి మధ్యాన్నం తిండికి వస్తాడు. వదిన పూజగదిలో ఉంటాది. ఆకు ముందర కూచుని, ఆ కొత్త బండి ఎట్ల సుబ్బూ అంటాడు. నేను క్యాటలాగులో చదివింది చెప్తా. నాకు అనిపించింది కూడా చెప్తా. ఊఁ, ఊఁ అంటా తింటాడు. ఆదివారం అది ఆయన నోట్లో నుంచి వస్తాది. మొదట్లో నాకు సంతోషంగానే ఉండింది. తలుపు వెనక నిలబడి నా మాటలు నేనే వినేదాన్ని.

ఈ మోటార్ల సంగతంతా మా ఇంటాయన నేర్పింది. దండులో మోటారు వర్క్‌షాపులో ఫోర్‌మన్ ఆయన. యుద్ధంలో పెట్రోలు దొరక్క బండ్లకు వెనకాల బొగ్గు గ్యాసు డబ్బాలు కట్టినారు గదా, అప్పుడు నాకు స్టీరింగ్ ఇచ్చినాడు. అత్తిబెలె రోడ్డు మీద. క్లచ్‌ను తొక్కొద్దు, మెల్లగా అడుగు అంటా ఉండేవాడు. నలభై నాలుగులో టైఫాయిడ్ వచ్చి పోయినాడు. హొసకోటెలో మా అత్త సొన్నమ్మ పదమూడో రోజుకే నా పెట్టె గడప బయట పెట్టించింది. బస్సుకు కూడా ఒకర్ని తోడు పంపలేదు. ఆయన పాత బండిని మా అన్న తెచ్చి అమ్మేసినాడు. అప్పుడు నన్ను అడగలేదు.

ఆగస్టు 15, ఆదివారం

జెండా పండగ. జెండా కట్టి వచ్చినోళ్ళు జగలి ఎక్కగానే డాలర్ల సంగతి పట్టుకున్నారు. డాలర్లు లేవంట, ఇంక అమెరికా బండ్లు రావడం కష్టమంట. అశ్వత్థప్ప ముఖం చూడాల, ఎవరో చచ్చిపోయినట్ల.

ఆగస్టు 26, గురువారం



అన్న బండి కొంటాడంట. ఏది కొనాల అని అడిగినాడు. నేను ముందే అనుకుని పెట్టుకున్నా. ఆస్టిన్ అని చెప్పినా, ఆ కొత్త చిన్నది. పెట్రోలు కూపన్లతో నెల గడవాల, పేట సందుల్లో తిరగాల, నీకు ఏనుగు ఏల అన్నా అని. గుర్రం చాలు అని. నవ్వినాడు.

చెయ్యి కడుక్కుంటా అన్నాడు, "నువ్వు చెప్పిన బండే తెస్తా సుబ్బూ. రానీ, హొసకోటె దాకా నువ్వే తోలుదువు."

నేను అడగలేదు. ఆయనే అన్నాడు. సొన్నమ్మత్త ఇంటి ముందర బండి నిలబెట్టి హారన్ కొట్టాల. దిగను. అద్దం కూడా దించను. ఆమె బయటికి వచ్చి చూస్తే చాలు, తిప్పుకుని వచ్చేస్తా.

సెప్టెంబరు 5, ఆదివారం

అన్న జగలి మీద చెప్పేసినాడు, ఆస్టిన్ అని. నీకు ఏనుగు ఏల, గుర్రం చాలు అనేది కూడా చెప్పినాడు. వెంకటగిరియప్ప లేచి అన్నను కౌగిలించుకున్నాడు. తానే గెలిచినట్ల. అశ్వత్థప్ప కాఫీ సగంలో పెట్టేసి పోయినాడు.

సంగతి ఊరంతా పాకినట్లుంది. జయరామప్ప ఏది కొంటే పేటంతా అదే కొంటాదని ఏజెంట్లకు భయం. దండులో అమెరికా బండ్ల ఏజెంటు ఆపిల్ బుట్ట పంపించినాడు. అది తెలిసి ఇంగ్లీషు బండ్ల ఏజెంటు తానే వచ్చి సీటు కవర్లు ఊరికే వేయిస్తా అన్నాడు. నేను తలుపు వెనక నుంచి, వదిన చేత చెప్పించినా, కవర్లు వద్దు, ఒక స్పేర్ ట్యూబ్ ఇమ్మనండి అని. ఏజెంటు అన్నను చూసి, మీ ఇంట్లో ఆడవాళ్ళకు కూడా నేర్పినారే అన్నాడంట. అన్న మీసం దువ్వుకున్నాడంట.

ఆపిల్స్ పుల్లగా ఉండాయి.

సెప్టెంబరు 20, సోమవారం

నిన్న అందరూ ట్రయల్‌కు పోయి వచ్చినారు, లాల్‌బాగ్ దాకా. ఎట్ల ఉండాది అని అన్నను అడిగినా. సీటు మెత్తగా ఉండాది అన్నాడు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటా ఉందో అడిగినా. అది డ్రైవరుకు తెలుసు అన్నాడు.

ఇన్ని ఏండ్లుగా మోటార్ల గురించి మాట్లాడే మా అన్నకు మోటారు తోలడం రాదు. ఇది ఊర్లో ఎవరికీ తెలీదు. ఇప్పుడు తెల్లారుజామున అశ్వత్థప్ప డ్రైవరు మునిస్వామి దగ్గర దొంగతనంగా నేర్చుకుంటా ఉండాడు. నేను నేర్పిస్తా అన్నా. వినపడనట్ల ఉండిపోయినాడు.

అక్టోబరు 9, శనివారం

వచ్చింది!

నల్లది. వంటింటి కిటికీలో నుంచి చూసినా. ఏజెంటు మనిషి తెచ్చి షెడ్డులో పెట్టి తాళం అన్నకు ఇచ్చి పోయినాడు. ఇంజను ఆపే ముందర కొంచెంసేపు ఊరికే ఆడనిచ్చినాడు. ఎంత మెత్తని చప్పుడు. సోమవారం ఆయుధపూజ, ఆ రోజు బయటికి తీస్తారంట.

మా ఇంటాయన ఉంటే బానెట్ ఎత్తి తలకాయ లోపల పెట్టేవాడు. అన్నం చల్లారిపోయేది.

అక్టోబరు 10, ఆదివారం

మధ్యాన్నం కమలమ్మ వదిన వంటింట్లోకి వచ్చింది. కడిగిన చెంబునే మల్లా కడగతా నిలబడింది. కడాకు చెప్పింది. రేపు బండి గేటు దాటే దాకా నేను వెనక సామాను గదిలో కూచోవాలంట. ఆమెకు అట్లాంటి పట్టింపు ఏమీ లేదంట, కానీ అశ్వత్థప్ప తల్లి వస్తా ఉండాది, ముత్తైదులు వస్తా ఉండారు, లోకం నోరు మూయలేము గదా అనింది. కొత్త బండికి నేను ఎదురు రాకూడదు.

అన్నకు తెలుసా అని అడిగినా. చెంబు కడగతానే ఉండింది.

ఆ బండి పేరు చెప్పింది నేను. రంగు కూడా నేనే చెప్పినా.

అక్టోబరు 11, సోమవారం, ఆయుధపూజ

రాస్తా. అంతా రాస్తా.

పొద్దున్నే సామాను గదిలోకి పోయినా. ఎవరూ పిలవకముందే పోయినా, వదిన మల్లా చెంబు కడగనక్కర లేకుండా. చింతపండు వాసన, ఊపిరి ఆడలేదు. కిటికీ రెక్క ఒకటి తీసినా. షెడ్డు ఎదురుగానే ఉండాది. బండికి బంతిపూల దండ, గంధం, కుంకుమ. నాకు లేనివన్నీ దానికి పెట్టినారు. పూజారి బూడిదగుమ్మడికాయ తిప్పి కొట్టినాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టినారు. అవి తొక్కించి గేటు దాటించాల.

మునిస్వామి స్టీరింగ్ దగ్గరికి పోతా ఉంటే అశ్వత్థప్ప ఆపినాడు. పండితుడు ఉండగా డ్రైవరు ఏల అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. పాపం అన్న, ఎక్కక ఏం చేస్తాడు. ఎక్కినాడు.

చోక్ మొత్తం బయటికి లాగినాడు. స్టార్టర్ లాగినాడు. పట్టుకోలేదు. యాక్సిలరేటర్ తొక్కినాడు, మల్లా లాగినాడు, మల్లా తొక్కినాడు. ఇంజను పెట్రోలు తాగి మునిగింది, ఆ వాసన నా గది దాకా వచ్చింది. చోక్ లోపలికి తొయ్యి, కొంచెంసేపు ఊరికే ఉండు, ఇంతే చెప్పాల్సింది. నా నోటి దాకా వచ్చింది. కానీ కొత్త బండికి ముఖమే ఎదురు రాకూడదంటే గొంతు రావచ్చునా? వాళ్ళు పెట్టిన చట్టమే. నోరు మూసుకుని కూచున్నా.

స్టార్టర్ మూలిగి మూలిగి నిలిచిపోయింది. నిమ్మకాయలు అట్లనే ఉండాయి. మునిస్వామి ఏదో చెప్పబోతే పూజారి చెయ్యి ఎత్తినాడు. ఇంక ముట్టొద్దు, శకునం బాగాలేదు అన్నాడు. అప్పుడు అశ్వత్థప్ప తల్లి చుట్టూ చూసి నా పక్క వేలు చూపించింది.

అందరూ తిరిగినారు. అన్న బండి దిగినాడు. చెమట కారతా ఉండింది. ఆయన ఒక్క మాట అన్నాడు.

"ఆ కిటికీ ఎవరు తెరిచినారు?"

అన్నా, ఆ గదిలో నేను తప్ప ఎవరు ఉండారు? నీకు తెలీదా?

అక్టోబరు 12, మంగళవారం

అన్నం పెట్టినా. తిన్నారు.

అక్టోబరు 14, గురువారం

బండి ఈ ఇంటికి ఒప్పలేదంట. అశ్వత్థప్పకు ఇచ్చేస్తారంట. ఇంగ్లీషు బండి ముఖం చూడను అన్న మనిషి, మా ఇంట్లో చెడిన బండి అనేసరికి ముందుకు వచ్చినాడు. అడగలేక అడిగినా, ఇచ్చే ముందర ఒక్కసారి హొసకోటెకు పోయి వస్తా అన్నా అని. అన్న గోడను చూస్తా చెప్పినాడు, ఇప్పుడా, నువ్వా, ఊరు ఏమంటాది అని. ఆయన మాట ఇచ్చినప్పుడు కూడా ఊరు ఇక్కడే ఉండింది.

మధ్యాన్నం వదిన పండుకుంది. నేను షెడ్డులోకి పోయినా. డోరు తెరిచి కూచున్నా. కొత్త తోలు వాసన. ఎండిన బంతిపూలు బానెట్ మీద అట్లనే ఉండాయి. క్లచ్ అడిగినా, మెత్తగా ఒప్పుకుంది. చోక్ ఇంకా బయటికే ఉండింది. మూడు రోజులుగా ఒక్కరు కూడా దాన్ని చూడలేదు. లోపలికి తోసి, డోరు మూసి వచ్చేసినా. బాగా ఏడ్చినా. కందిపప్పు మాడింది.

అక్టోబరు 15, శుక్రవారం

మునిస్వామి స్టార్టర్ లాగగానే పట్టుకుంది. అశ్వత్థప్పది అదృష్టం చెయ్యి అన్నారు అందరూ.

అక్టోబరు 20, బుధవారం

అన్న ఈ రోజు మల్లా బండ్ల మాట ఎత్తినాడు. ఆకు ముందర కూచుని, చారు కలుపుకుంటా, ఏమీ జరగనట్ల.

"ఇంక ఏ బండి చూద్దాం సుబ్బూ?"

ఆయన ముఖం చూసినా. సిగ్గు ఉండాదేమో అని వెతికినా. ఆకలి ఉండింది. ఆదివారం వస్తా ఉండాది, జగలి మీద చెప్పేదానికి ఏమీ లేదు. దాని భయం ఉండింది.

నా కండ్లు పొయ్యి పక్కన కాఫీ మిషన్ మీద పడినాయి. హార్విల్ అని చెప్పినా. స్విట్జర్లాండు బండి అన్నా. డాలర్లు అక్కర లేదు, పెట్రోలు సగమే తాగుతాది, బయట చిన్నది లోపల పెద్దది అన్నా. దానికి చోకే ఉండదు అని కూడా చెప్పినా. ఊఁ, ఊఁ అంటా తిన్నాడు. మజ్జిగకు వచ్చేసరికి పేరు రెండు తూర్లు నోట్లోనే పలుక్కున్నాడు.

అక్టోబరు 24, ఆదివారం

జగలి మీద హార్విల్.

అన్న మీసం దువ్వుకుంటా చెప్పినాడు. ఎవరైనా ఆ పేరు విననే లేదు అంటారేమో అని తలుపు వెనక ఎదురు చూసినా. అశ్వత్థప్ప తనకు ఎప్పుడో తెలుసు అన్నాడు, బండి మంచిదే గానీ గేరు బాక్సు నాజూకు అన్నాడు. వెంకటగిరియప్ప ఒప్పుకోలేదు. దాని ఇంజను అసలు ఇంగ్లీషోళ్ళదే, స్విస్సోళ్ళు కాపీ కొట్టినారు అన్నాడు. చంద్రశేఖర్ క్యాటలాగు ఇంట్లో ఎక్కడో ఉండాది, తెస్తా అన్నాడు. గొంతులు లేచినాయి. బల్ల గుద్దుకున్నారు.

నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నా. కాఫీ గింజలు పోసి మిషన్ తిప్పుతా ఉంటే నవ్వు పోయింది. ఇట్లాంటోళ్ళ ముందరికి రాకూడదని నేను చింతపండు బుట్టల మధ్య కూచున్నానా?

నవంబరు 7, ఆదివారం

చంద్రశేఖర్ హార్విల్‌ను చూసినాడంట. నిన్న సాయంత్రం, దండులో. నల్లదంట. ఎవరో ఆడమనిషి తోలుతా ఉండిందంట, పక్కన ఎవరూ లేరంట. చెయ్యి ఊపితే కూడా నిలపలేదంట. హొసకోటె రోడ్డు పట్టి పోయిందంట.